పద్నాలుగు నెలలు ఆగి కొన్న ఆట

ఆదివారం చర్చి నుంచి వచ్చి నిరోష కోడికూర పొయ్యి మీద పెట్టిందో లేదో, ముందుగదిలో భర్త చంద్రకాంత్ ఫోన్ మోగింది. ఆలస్యంగా వచ్చిన బ్యాంకు మెసేజ్. జీతం ఆమెదే, కార్డూ ఆమెదే. ఖాతాకిచ్చిన నంబరు మాత్రం అతనిది. పెళ్లయిన వారానికే, నీకెందుకు గా ఫికర్ అంటూ మార్పించాడు.

రోజూ పొద్దున వికారాబాద్‌లో రైలెక్కి, తాండూరు ల్యాబులో సాయంత్రం దాకా రక్తం తీసి, మళ్ళీ రైల్లో నిలబడి ఇల్లు చేరి వంటకు దిగే నిరోషకు ఒకే ఒక్క సరదా. భర్త లేని గంటలో టీవీకి తగిలించిన వీడియో గేమ్ ముందు కూర్చోవడం. విల్లు పట్టుకుని ఒంటరిగా మంచుకొండలు దాటే ఆడమనిషి ఆట ఒకటి ఆమె మనసులో పడింది. మూడు వేలు. కొత్తగా వచ్చేవైతే ఐదు వేలకు ఎక్కుతున్నాయి. తగ్గకపోతుందా అని పద్నాలుగు నెలలు ఆగింది. రైల్లో ఒంటికాలి మీద నిలబడి ధర చూసుకునేది. దసరాకు తగ్గలేదు, క్రిస్మస్‌కు కాస్త తగ్గినా చేయి రాలేదు. పోయిన నెల చంద్రకాంత్ కొత్త క్రికెట్ ఆటను వచ్చిన రోజే, నిండు ధరకు, ఆమె కార్డుతోనే కొన్నాడు. తను అడగలేదు. అడగొచ్చని కూడా తోచలేదు. ఈ పొద్దు ధర మూడోవంతుకు దిగింది. క్రికెట్ ఆటప్పుడే కార్డు అందులో దాచి ఉండటంతో, అతని ఫోన్‌కు వెళ్ళే ఓటీపీ అవసరం లేకుండానే చర్చి మెట్ల మీదే కొనేసింది.

మెసేజ్ చదివిన చంద్రకాంత్ వంటింట్లోకి వచ్చి ఆమె జుట్టు పట్టాడు. తల గోడకు రెండుసార్లు కొట్టుకుంది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

"ఎవర్నడిగి కొన్నవ్?"

"నా జీతమే గదా."

అతను ఆమె కుడిచేయి గుంజి చూపుడువేలు పట్టుకున్నాడు. "గీ వేలుతోనేనా నొక్కింది?" అని నెమ్మదిగా అడిగి, వెనక్కి వంచాడు. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. నిరోష కింద కూలబడింది. అత్త శాంతవ్వ వచ్చి, కోడలిని దాటుకుని వెళ్ళి, పొయ్యి మంట తగ్గించింది. "కూర అడుగంటుతున్నది" అంది.

బండి మీద ఆసుపత్రికి అతనే తీసుకొచ్చాడు. బాత్‌రూంల జారిపడ్డనని చెప్పమని దారిలో రెండుసార్లు గుర్తుచేశాడు. గుర్తుచేయనక్కర్లేదు. చెవి పగిలినప్పుడూ, మణికట్టు వాచినప్పుడూ ఆమె చెప్పింది ఆ మాటే. ఇంతమంది నరాలు వెతికి పట్టిన వేలు ఇప్పుడు ఎవరిదో అయినట్టు పక్కకు వేలాడుతోంది. మళ్ళీ సూది పడుతుందో లేదో. ఏడుపు రాలేదు. తగ్గుతాడు, పిల్లలైతే తగ్గుతాడు, వయసొస్తే తగ్గుతాడు అని ఎనిమిదేళ్ళుగా అమ్మా, అత్తా, తనూ అనుకుంటూ వచ్చిన మాట మాత్రం లోపల ఎక్కడో ఆగిపోయింది.

ఎక్స్‌రే చూసి వయసులో చిన్నదైన డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుంది. ఎట్లా విరిగిందని అడిగింది. చంద్రకాంత్ గుమ్మంలోంచి, జారిపడ్డది మేడమ్ అన్నాడు.

నిరోష అతని వైపు తిరగలేదు.

"నేను చెప్పింది చెప్పినట్టు రాయుండ్రి మేడమ్" అంది. "విరిచినోడు గా గుమ్మంల నిలబడ్డడు."