నెమ్మదిగా నడిచేవాళ్ళే ముందు

అశోక్‌నగర్‌లో ఆ అపార్ట్‌మెంట్‌వాళ్ళు ఏ మీటింగైనా మూడో అంతస్తులోనే పెడతారు. లిఫ్టు పనిచేయదు. రెండేళ్ళ కిందట "లిఫ్టు పనిచేయదు" అని బోర్డు తగిలించారు. మొన్న అక్షరాలు వెలిసిపోతే దానికి కొత్త రంగు వేయించారు. అసోసియేషన్ ఏ పనీ చేయదని అనడానికి లేదు.

ఎడమకాలికి ఇనుప పట్టీల బూటుతో ఆ మెట్లన్నీ ఎక్కేసరికి భాగ్యశ్రీకి చెమటలు పట్టాయి. చిన్నప్పుడు పోలియో వచ్చిన కాలు అది. నారాయణగూడలో డిగ్రీ చదువుతూ, ఆదివారాలు కవాడిగూడ బస్తీల్లో తిరిగి, పోలియో చుక్కలు పడని పిల్లల పేర్లు రాసుకుంటుంది.

ఆ రోజు మీటింగు పోలియో చుక్కల వాలంటీర్లకు లీడర్ ఎవరో తేల్చడానికి. సెక్రటరీ రాఘవేందర్ గారు లీడరైతే చుక్కల శిబిరం పోయినేడులాగే అపార్ట్‌మెంట్‌లో పెడతారు. అక్కడ ఫ్యాన్ ఉంది. పిల్లలే తక్కువ. పాలమూరు కూలీలు పిల్లల్ని చంకనేసుకుని పొద్దున్నే పనికి వెళ్ళిపోతారు కాబట్టి, ఆరింటికి వాళ్ళు కూలి కోసం నిలబడే అడ్డా మీదే పెట్టాలని భాగ్యశ్రీ పట్టుదల.

"లీడరంటే ముందు నడవాలె. నేను సర్వీసంత ముందే నడిచిన," అన్నారు రాఘవేందర్ గారు. ఆయన ముప్ఫయ్యేళ్ళు ఒకే కుర్చీలో పనిచేశారు.

చిక్కడపల్లి దవాఖానా నర్సు నవనీత అడ్డుపడింది. "కొట్లాటొద్దు. ఆదివారం ఫస్టెయిడ్ నేర్చుకోనీకి అనంతగిరి గుట్టకు పోతున్నం కద? చెరి పదిమంది ఎక్కుండ్రి. ఎవరి టీం ఒక్కరు గూడ తక్కువగాకుంట పైకొస్తదో వాళ్ళే లీడర్."

"నీ మంచికే చెప్తున్న బిడ్డా, మేము బూట్లేస్కోని ఎక్కుతం, నువ్వు కింద చెప్పులకాడ కూసో. అది గూడ బాధ్యతే," అన్నారు రాఘవేందర్ గారు.

"చెప్పులు మీరు చూస్కోండి అంకుల్. నేను ఎక్కుత."

చేతులు మారుతున్న సమోసాల ప్లేటు అక్కడే ఆగిపోయింది.

ఆదివారం నవనీత బస్సులో పైకి వెళ్ళిపోయింది. రాఘవేందర్ గారి జట్టు కొత్త కాన్వాసు బూట్లతో చకచకా మలుపు తిరిగి మాయమైంది.

భాగ్యశ్రీ తన జట్టుకు ఒకటే చెప్పింది. "నన్ను దాటి ఎవ్వరు పోవద్దు. నేనాగితే అందరాగాలె. ఈదన్నా, నువ్వు ఆఖర్ల ఉండు." ఈదయ్య పాలమూరు మేస్త్రీ, జట్టులో అందరికంటే పెద్ద.

"గిట్ల పోతే మనకంటె గ్రూప్స్ నోటిఫికేషనే ముందుగల్లొస్తది అక్కా," అని మూలిగాడు హాస్టల్లో ఉండి పరీక్షలకు చదివే నగేష్.

"అయితే నడుసుకుంట చదువుకో తమ్మీ."

సగం దారిలో ఒక బండ మీద ఆయన జట్టువాళ్ళు ముగ్గురు కూలబడి కనిపించారు. ఇంకొంచెం పైన ఆరుగురు. వాళ్ళంతా భాగ్యశ్రీ వెనక వరసలో కలిశారు. ఆ పైన, ఒక బూటు చేత్తో పట్టుకుని రాఘవేందర్ గారు. మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ.

"మీ కోసమే ఆగిన బిడ్డా."

"తెలుసంకుల్." భాగ్యశ్రీ కింద కూర్చుని బొబ్బ తుడిచి పట్టీ వేసింది. "ఇగ నా ఎన్కనే రాండ్రి. మా దాంట్ల నెమ్మదిగ నడిచేటోళ్ళే ముందు."

పైన నవనీత రెండుసార్లు లెక్కపెట్టింది. ఇరవైమందీ ఉన్నారు, అందరికంటే ముందు భాగ్యశ్రీ. "భాగ్యక్క జిందాబాద్!" అని నగేష్ అరిచాడు. అంతకంటే గట్టిగా రాఘవేందర్ గారు అరిచారు.

డిసెంబరులో ఆరింటికే అడ్డా మీద శిబిరం. ఏడున్నరకల్లా నూట నలభై ముగ్గురు పిల్లలకు చుక్కలు పడ్డాయి. పోయినేడు ఫ్యాను కింద చుక్కలు పడింది పదకొండుమందికే. చుక్కల మందు ఐస్ డబ్బా మోసింది రాఘవేందర్ గారే.

ఇంతవరకూ బాగానే ఉంది. వచ్చే ఆదివారం మళ్ళీ గుట్టకు ప్రయాణం. నెమ్మదిగా నడిచేవాళ్ళకు ముందు స్థానమని కాలనీ అంతటికీ తెలిసిపోయింది. అరుంధతి గారు మోకాలి ఎక్స్‌రే తెచ్చారు. సుబ్బలక్ష్మి గారిది పుట్టుబద్ధకమని భర్తే సాక్షి సంతకం పెట్టాడు. రాఘవేందర్ గారు రెండు పాదాలకూ డాక్టరు చీటీ పట్టుకొచ్చారు. భాగ్యశ్రీ తల పట్టుకుని కూర్చుంది.

ఎవరు అందరికంటే నెమ్మదో నడక పందెం పెట్టి తేల్చుదామంటే, గీత దగ్గర నుంచి ఒక్కరూ కదలడం లేదు. అయ్యా, అమ్మా, మీకు దండం పెడతాను. వీళ్ళలో ఎవర్ని ముందు నిలబెట్టాలో ఎవరైనా జర చెప్పండి!