రెండు పెట్టెలూ పెడితే మాయమయ్యే మనిషి

మా ఆయన ఎవరికీ వినపడని వాయిద్యం వాయించేవారు. ఈ మాట నాది కాదు, ఆయనే నవ్వుతూ అనేవారు. ఒక హోటల్లో సాయంత్రాలు పాటలు వాయించే ఐదుగురి బృందంలో ఆయనది డబుల్ బాస్. మనిషికన్నా ఎత్తున్న ఫిడేలు అనుకోండి. దాన్ని బస్సెక్కిస్తే కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టేవాడు. అంత భారీ వాయిద్యం, చేసే చప్పుడు మాత్రం కూరలో ఉప్పులాంటిది. ఉంటే ఎవరూ గమనించరు, లేకపోతే అందరూ మొహం చిట్లిస్తారు.

ఆయన పోయాక ఆయన వాయించిన పాటల్లో మిగిలింది ఒక్క క్యాసెట్టు. మా అమ్మాయి దాన్ని నా ఫోనులోకి ఎక్కించి ఇచ్చింది. విన్నాను. పాడే ఆవిడ ఉంది, గిటారు ఉంది, డ్రమ్ములున్నాయి, ఆఖరికి హోటలుకొచ్చినవాళ్ళ గ్లాసుల గలగల కూడా ఉంది. మా ఆయన మాత్రం లేరు.

"అంత కింది స్వరం ఈ చిన్న ఫోనులో పలకదమ్మా. పెద్ద స్పీకర్లు కావాలి" అంది అమ్మాయి.

పెద్ద స్పీకర్లు మా ఇంట్లోనే ఉన్నాయి. ఆయన ముచ్చటపడి కొన్న పాతకాలపు జత. నడుము ఎత్తు చెక్కపెట్టెలు. కాకపోతే ఒకటి కింద నా గదిలో ఉంది, రెండోది పై వాటాలో మా వదిన దగ్గర ఉంది. వదినంటే ఆయన అక్క. ఆయన వస్తువులు సర్దిన రోజున "జతే కదా, చెరొకటి" అంది. చెప్పుల జత చెరొకటి పంచుకున్నట్టు పంచుకున్నాం. నా పెట్టె మీద ఇస్త్రీ బట్టలు, ఆవిడ పెట్టె మీద దారపుండలు. రెండూ మూగవే. లోపల ఊగే కాగితపు గరాటు చుట్టూ ఉండే మెత్తటి అంచులు ఎప్పుడో పొడైపోయాయి.

ఆయన చెయ్యి ఎలా పలికేదో రోజురోజుకీ మర్చిపోతున్నాను. అందుకని పంతం పక్కనబెట్టి మెట్లెక్కాను.

"మా తమ్ముడి పెట్టె ఇవ్వను" అంది వదిన, నేను నోరు తెరవకముందే.

"ఇవ్వొద్దు వదినా. రెండూ బాగుచేసి ఒక్క పాట విందాం. ఆ తర్వాత మీది మీరు పట్టుకెళ్ళండి."

"నాది నేనే బాగుచేసుకుంటా. నీ చెయ్యి పడనివ్వను. సూదిలో దారం ఎక్కించడానికి ఒక పూట తీసుకునే మనిషివి."

నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. లోకంలో చేతకానిదంతా నాది, చేతనైనదంతా ఆవిడది.

కొత్త అంచులు తెప్పించాం. రబ్బరు చక్రాల్లా ఉన్నాయి. వాటితో ఒక కాగితం కూడా వచ్చింది, ఎలా అతికించాలో, తీగలు ఎలా కలపాలో రాసి ఉంది. నేను చదువు నేర్చుకుని రెండేళ్ళే అయింది కాబట్టి కాగితం కనబడితే వదలను. వేలు పెట్టుకుని ఒక్కో మాటా చదివాను. వదిన ఆ కాగితం వంక కన్నెత్తి చూడలేదు.

"కొలతలకి కాగితాలెందుకే? కళ్ళెందుకున్నాయి?"

బల్లకి ఆ చివర ఆవిడ, ఈ చివర నేను. మధ్యలో పక్కింటి ఫ్యూజు బాబాయి. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ఫ్యూజు పోతుందని ఆ పేరు. మా ఇంట్లోనూ పరువు నిలబెట్టుకున్నాడు. సన్న స్వరాన్నీ లావు స్వరాన్నీ విడదీసే పాత కెపాసిటర్లు తీసేసి కొత్తవి అతికించేలోపు రెండుసార్లు చీకటి చేశాడు.

పాత అంచు ముట్టుకుంటే తడిసిన బిస్కెట్టులా వేళ్ళకి అంటుకుంది. స్పిరిటు పెట్టి గీకాను, జిగురు రాశాను, కొత్త అంచుకి నా బొటనవేలు కూడా అతికించుకున్నాను. వదిన మాత్రం కోన్ అనే ఆ గరాటు చుట్టూ సుద్దతో ఎనిమిది గుర్తులు పెట్టి, కాలరు కూర్చినట్టు అంచుని కూర్చింది. వేలితో నొక్కిచూస్తే ఎక్కడా రాసుకోలేదు. నాది గరగరమంది, మళ్ళీ ఊడదీసి అతికించాల్సి వచ్చింది. నిజం చెప్పాలి కదా, ఆవిడ పనే బాగుంది. ఆ మాట ఆవిడకి చెప్పలేదు. లోపలి తీగలు ఎవరి పెట్టెవి వాళ్ళమే కలుపుకున్నాం. పెట్టెల ముందువైపు కప్పే గుడ్డలు కూడా తనే కుట్టింది, రెండింటికీ.

"నీ పెట్టె మొహం చూడలేక కుట్టాను. నీమీద ప్రేమతో కాదు" అంది.

మూడో రోజు మధ్యాహ్నం పాత టేప్ రికార్డరుకి మొదట నా పెట్టె ఒక్కటే కలిపాం. పాట మొదలైంది. అడుగునుంచి నెమ్మదిగా, గుండె మీద అరచేత్తో తట్టినట్టు, మా ఆయన. కుర్చీ పట్టుకున్నాను.

"ఉండు, ఇప్పుడు నాది కూడా పెట్టు. అప్పుడు తెలుస్తుంది వాడి సత్తా" అంది వదిన.

ఆవిడది కూడా కలిపాం. పాడే ఆవిడ గదంతా పరుచుకుంది. గిటారు మెరిసింది. మా ఆయన మాయం.

"నీ పెట్టె మింగేసిందే మా తమ్ముణ్ణి!" అంది వదిన.

"నా పెట్టె ఒక్కటే ఉన్నప్పుడు ఉన్నారు వదినా. మీది రాగానే లేచిపోయారు."

వదిన నా పెట్టె తీగ పీకేసింది. ఆవిడ పెట్టెలోంచి ఆయన ఠంచనుగా వచ్చేశారు. మళ్ళీ రెండూ కలిపితే లేరు.

"చూశావా? నా దగ్గరికైతే వస్తాడు."

"నా దగ్గరికీ వచ్చారు."

"మీ ఇద్దరూ ఒక్కచోట ఉంటే ఆయన బయటికెళ్ళిపోవడం కొత్తేమీ కాదు కదమ్మా" అన్నాడు ఫ్యూజు బాబాయి. ఇద్దరం ఒకేసారి అతనివైపు చూశాం. టీ కప్పులోకి తల దించేసుకున్నాడు.

కాగితం మళ్ళీ తీశాను. ఆఖర్న ఒక పరీక్ష రాసి ఉంది. చిన్న బ్యాటరీని పెట్టె వెనక తీగలకి తాకించాలి, ప్లస్సుకి ప్లస్సు, మైనసుకి మైనసు. కోన్ ముందుకు రావాలి. నాది ముందుకొచ్చింది. వదినది లోపలికి పోయింది.

"అదీ సంగతి!" అన్నాడు బాబాయి. "ఒకటి గాలిని తోస్తుంటే ఇంకొకటి లాగేస్తోంది. లావు స్వరం అక్కడికక్కడే చచ్చిపోతోంది. అక్కయ్యగారూ, మీ పెట్టె లోపల తీగలు తిరగేసి కలిపారు."

"పొరపాటున కలిపాననుకున్నావా? కావాలనే కలిపాను" అంది వదిన, తల ఎగరేసి. "ఒకటి ఎడమది, ఒకటి కుడిది. ఎడమ చేతికి కుట్టినట్టే కుడి చేతికీ కుడితే ఆ చొక్కా ఎవడికి పడుతుంది? జతంటే ఒకటి ఇటు తిరగాలి, ఒకటి అటు తిరగాలి. నలభై ఏళ్ళుగా ఎవరి చెయ్యీ తిరగబడలేదు నా దగ్గర."



"అది చొక్కా వదినా, ఇది..."

"మారిస్తే నీది మార్చుకో. నా కుట్టు నేను విప్పను."

విప్పనందంటే విప్పదు. పెళ్ళికూతురి గౌను బిగుతైతే పెళ్ళికూతుర్నే చిక్కమన్న మనిషి. పెట్టె ఎత్తుకుని మెట్లెక్కిపోతే నా పాట ఆ మెట్ల మీదే ఆగిపోతుంది. బాబాయిని పక్కకి పిలిచి, నాది తిరగేస్తే ఏమవుతుందని అడిగాను.

"రెండూ తప్పుగా ఉంటాయి. అప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒప్పే" అన్నాడు గుసగుసగా.

నేను సరిగ్గా కలిపిన తీగలు విప్పి, వదిన చూస్తుండగా తిరగేసి కలిపాను. "మీరు చెప్పినట్టే మార్చాను వదినా" అన్నాను. నాలుక మీద కాకరకాయ పెట్టుకున్నట్టుంది. పాట పెట్టాను.

వచ్చారు. ఈసారి పెట్టెలోంచి కాదు, గది మధ్యలోంచి. బల్ల మీద కప్పులు సన్నగా వణికాయి. ఒక్కో తీగ మీద ఆయన వేలు నొక్కి, కాస్త ఆగి, వదలడం తెలిసింది. నా చెంపలు తడిశాయి. వదిన కళ్ళజోడు తీసి కొంగుతో అదేపనిగా తుడుస్తోంది.

రెండో చరణం వచ్చింది. పాటలో అందరూ ఒకచోట మలుపు తిరిగారు, మా ఆయన ఇంకోచోట తిరిగారు. నాలుగడుగులు ఒంటరిగా నడిచి, తప్పిపోయానని తెలిసి, పరుగెత్తుకుంటూ వచ్చి వాళ్ళని కలిశారు. అంత పెద్ద తప్పు అంత స్పష్టంగా అంతవరకూ ఎవరూ విని ఉండరు.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. నేను వదిన వంక చూశాను.

"వాడు సరిగ్గానే వాయించాడు" అంది వదిన, కళ్ళజోడు పెట్టుకుంటూ. "మిగతా నలుగురూ తొందరపడ్డారు."

"అవును వదినా, వాళ్ళదే తప్పు" అన్నాను. ఆయన పోయాక మేమిద్దరం ఒక్కమాట మీద నిలబడటం అదే మొదలు.

"మళ్ళీ పెట్టవే" అంది.

ఆవిడ పెట్టె కిందే ఉంది. మూడు వారాలైంది. జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదట.