కొండ మూసేశారు

ఆ ఇంట్లో కారు టైర్లు మార్చే పని తోర్దిస్‌దే. పదకొండేళ్ల కిందట మొగుడు ఐలిఫ్‌కి నడుం పట్టేస్తే, ఈ ఒక్క ఏడాదికే కదా అని ఆమె జాకీ అందుకుంది. నడుం వారంలో సర్దుకుంది, జాకీ మాత్రం ఆమె చేతిలోనే ఉండిపోయింది. చిత్రమైన నడుం అది. శరత్కాలంలో వేటకెళ్లి దుప్పి మాంసం భుజాన మోసుకొస్తుంది. చలికాలంలో స్కీల మీద పాతిక కిలోమీటర్లు పోయొస్తుంది. టైరు మాటెత్తితే మాత్రం కలుక్కుమంటుంది. తోర్దిస్ ఏడాదికి రెండుసార్లు గరాజు సిమెంటు మీద మోకాళ్లూని ఎనిమిది టైర్లు విప్పి ఎనిమిది బిగించేది. ఒకటి అతని కారు, ఒకటి ఆమెది. "ఈ వీధిలో టైర్లు మార్చే ఆడది మా ఆవిడొక్కతే" అని ఐలిఫ్ చుట్టాల దగ్గర మెచ్చుకోలుగా చెప్పేవాడు. ఆమె కూడా నవ్వేది.

ఈస్టర్ తర్వాతి ఆదివారం దాటిందంటే మేకుల టైర్లతో రోడ్డెక్కకూడదు. మంచు మీద జారకుండా రబ్బరులోకి దిగ్గొట్టిన ఆ ఇనప మేకులు ఎండిన తారురోడ్డును గీరేస్తాయని చట్టం అలా ఉంది. దారి బాగాలేకపోతే ఉంచుకోవచ్చని కూడా అదే చట్టంలో ఉంది గానీ, ఆ ముక్క ఎవరికీ పట్టదు. పడమటి నార్వేలో ఆ లోయలో గడువులోపు టైర్లు మార్చని ఇల్లంటే కిటికీలు తుడవని ఇల్లు కిందే లెక్క. గురువారం సాయంత్రం ఐలిఫ్ కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడి, "వీధి మొత్తం మీద మన కార్లే ఇంకా టకటకమంటున్నాయి. ఎదురింటి వాళ్లు సోమవారమే మార్చేశారు" అన్నాడు.

"శనివారం నేను కొండ దాటాలనుకుంటున్నా కదా, యోరున్‌ని చూడ్డానికి."

"బయటికి చూడు, వసంతం వచ్చి కూర్చుంది. కొండ మీద రోడ్డు నల్లగా ఎండిపోయి ఉంటుంది. అయినా నీ ఇష్టం."

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో 'నీ ఇష్టం' అని అతను అన్న ప్రతిసారీ తోర్దిస్ అతని ఇష్టమేదో కనుక్కుని అదే చేసింది. ఆ సాయంత్రమూ అంతే. మేకుల టైర్లన్నీ విప్పి, కడిగి, గరాజు గోడకి తగిలించింది. మార్చమని అతను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా తోర్దిస్‌కి ఇదే మింగుడుపడలేదు. తప్పు మోపడానికి ఇంకొకరంటూ లేరు.

యోరున్, తోర్దిస్ పద్దెనిమిదో ఏట గృహిణుల బడిలో ఒకే గదిలో ఉన్నారు. రొట్టెలు కాల్చడం, చొక్కాలు ఇస్త్రీ చెయ్యడం, వారం వంటకి పథకం వెయ్యడం నేర్పే బడి అది. అలాంటివి అప్పటికే ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. యోరున్ నాలుగు నెలలు చూసి, "ఇవన్నీ నేర్చుకున్నామనుకో, చేయించుకునేవాళ్లు తప్పకుండా దొరుకుతారే. నేను పోతున్నా" అని పెట్టె సర్దుకుంది. పోయి బస్సు నడపడం నేర్చుకుంది. ముప్పై రెండేళ్లు ఆ కొండ దారిలోనే బస్సు నడిపింది. పెళ్లి చేసుకోలేదు. తోర్దిస్ ఏడాది పూర్తిగా చదివి, పట్టా పుచ్చుకుని, ఐలిఫ్‌ని చేసుకుంది. ఇద్దరి ఇళ్ల మధ్య ఒక్క కొండ అడ్డం. "పొద్దున నా బస్సెక్కు, సాయంత్రం నేనే దింపేస్తా, ఇంట్లో నువ్వు లేవని తెలిసేలోపే వచ్చేస్తావు" అనేది యోరున్. అంత దగ్గర కాబట్టే వెళ్లేది కాదు తోర్దిస్. ఎప్పుడైనా వెళ్లొచ్చు కదా.

మూడు వారాల కిందట యోరున్ తన ఊరి వృద్ధాశ్రమంలోని రోగుల గదినుంచి ఫోన్ చేసింది. క్యాన్సర్ కాలేయం దాకా పాకిందట. గొంతులో మాత్రం అదే వెటకారం. "ఖాళీ దొరికితే రావే. తొందరేం లేదు, నేనెక్కడికీ పోవడం లేదుగా. ఊరికే నిన్నొకసారి చూడాలనుంది."

"వచ్చే శనివారం వచ్చేస్తా" అంది తోర్దిస్.

ఆ శనివారం ఐలిఫ్‌కి జలుబు. మరుసటి శనివారం అత్తగారింట్లో పండగ ముందు పరదాలు ఉతికి వెయ్యాలి. తోర్దిస్ ఉద్యోగమూ అదే, పురపాలక సంఘం తరఫున ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి సాయం చెయ్యడం. అక్కడ నాలుగింటికి పని ముగిసేది. అత్తగారింట్లో మొదలయ్యేది. మూడో వారం ఈస్టర్, అందరూ కొండ మీది కుటీరానికి వెళ్తారు, ఆమె లేకపోతే పడకలు ఎవరు వేస్తారు. ఆ మూడింటిలో ఒక్కటి పెద్ద కారణమైనా బాగుండేది. ఎవరికైనా కాలు విరిగో, ఇల్లు కాలో ఉంటే దాని మీద కోపమైనా తెచ్చుకునేది. జలుబు మీద ఎవరు కోపం తెచ్చుకుంటారు?

శనివారం పొద్దున లోయలో వాన. ఊరు దాటి పైకెక్కేసరికి వానలో మంచు కలిసింది. ఇంకాస్త ఎక్కాక వాన పోయి బరువైన తడిమంచు అద్దానికి పిండిముద్దల్లా అంటుకుంది. కారు వెనక భాగం రెండుసార్లు పక్కకి జరిగింది. కొండ దారికి అడ్డంగా దించిన గేటు దగ్గర ఎర్రదీపం వెలుగుతోంది. అవతల మంచు తోసే బండి, దాని వెనక వరసగా ఏడెనిమిది కార్లు. అలాంటి రోజుల్లో పొద్దున పదింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒంటి గంటకి ఒకసారి, బండి ముందు నడిస్తే కార్లు దాని తోక పట్టుకుని కొండ దాటుతాయి. పసుపు కోటు కుర్రాడు వచ్చి అద్దం దించమని, వంగి టైర్లు చూశాడు.

"ఇవి వేసవి టైర్లమ్మా."

"గురువారమే మార్చాను బాబూ. గడువు..."

"ఈ పొద్దున మీరు నాలుగోవారు. అందరిదీ ఇదే కథ. నేను పంపలేను. మీరు మధ్యలో జారి అడ్డం పడ్డారంటే వెనకవాళ్లంతా ఇరుక్కుపోతారు. వెనక్కి వెళ్లిపోండి, మెల్లగా."

కారు తిప్పుకుని ఇంటికి ఫోన్ చేసింది. "కొండ మూసేశారు" అంది. నిజానికి కొండ మూయలేదు, ఆమెని మాత్రమే ఆపారు. అయినా నోటికి ఆ మాటే వచ్చింది. "అయితే నువ్వేం చేస్తావు పాపం, వచ్చేయ్. నీ తప్పేముంది" అన్నాడు ఐలిఫ్. ఆ మాట వినగానే ఆమె ప్రాణం కుదుటపడింది. తర్వాత ఎవరికీ చెప్పుకోలేకపోయింది గానీ అది నిజం. చావుబతుకుల్లో ఉన్న స్నేహితురాలి ముఖం చూడాల్సిన పని తప్పింది, తప్పు తనది కాకుండా పోయింది. అంత తీసికట్టుగా ఉంటే వాళ్లే కబురు పెడతారులే అని కూడా అనుకుంది. మలుపులో కొండ బస్సు ఎదురొచ్చింది, మేకుల టైర్లు కరకరలాడించుకుంటూ. సగానికి పైగా ఖాళీ సీట్లు. తోర్దిస్ దానికి దారి ఇవ్వడానికి పక్కకి ఆగింది. అది వెళ్లాక మళ్లీ కారు కదిలించింది. చెయ్యెత్తి ఆపాలన్న ఆలోచనే ఆమెకి రాలేదు.

ఇంటికొచ్చి కోటు విప్పి, పెనం పొయ్యి మీద పెట్టింది. వచ్చే నెల చర్చిలో మనవరాలి కన్ఫర్మేషన్, ఆ విందుకి నూట ఇరవై లెఫ్సెలు కావాలి. ఉడికించిన బంగాళాదుంపలు పిండిలో కలిపి పల్చగా ఒత్తి కాల్చే ఆ రొట్టెలు ఇంటి పరువు. ఇంకో పొయ్యి మీద శనివారం పాలన్నం. అత్తగారు అప్పటికే వంటింటి కుర్చీలో కూర్చుని ఉంది.

"మంచే నిన్ను ఇంట్లో ఉండమంది చూడు. ఆ యోరున్‌కి మొదట్నుంచీ అదే పని. నిన్ను ఇల్లు కదిలించాలనే చూసేది" అంది ఆవిడ.

"అమ్మా, పోనీలే. అంత తీసికట్టుగా ఉంటే వాళ్లే కబురు పెడతారులే" అన్నాడు ఐలిఫ్, పాలన్నంలోకి వెన్న వెతుక్కుంటూ.

తోర్దిస్ అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అక్షరం పొల్లుపోకుండా తాను కారులో అనుకున్న మాట. తన తలలో ఉన్నంతసేపూ అది తన సొంత ఆలోచనలాగే ఉంది. అతని నోట వినేసరికి, వెన్న వెతుక్కుంటూ కూడా అనగలిగే మాట అని తెలిసింది. గడియారం చూసింది. పన్నెండుంబావుకి ఇంకో బస్సుంది. పెనం దించింది, పాలన్నం అడుగంటకుండా చివరిదాకా కలిపింది, దాల్చినచెక్క పొడి బల్ల మీద పెట్టింది. అప్పుడు గానీ కోటు అందుకోలేదు. "బస్సులో వెళ్లొస్తా. రాత్రి భోజనం వేళకి వచ్చేస్తాలే, కుదిరితే ముందే" అంది, అప్పు అడిగినట్టు.

బస్సు నడుపుతున్నది నలభై ఏళ్ల ఆడమనిషి. యోరున్ దగ్గరికని తెలిసి తోర్దిస్‌ని ముందు సీట్లో కూర్చోమంది. "నాకీ దారి నేర్పింది ఆవిడే. భయమేస్తే పాట పాడుకో, బ్రేకు మాత్రం తొక్కకు అనేది" అంది. ఒంటి గంటకి గేటెత్తారు. ముందు బండి, దాని నెత్తిన తిరిగే నారింజ దీపం. ఆ దీపం తప్ప పైనా కిందా అంతా తెలుపే.

"ఇంత మంచులో బస్సు దాటుతుందని అనుకోలేదు" అంది తోర్దిస్.

"భలేవారే, మాకేం. పొద్దుటిది కూడా సాఫీగా దాటింది. పన్నెండు కొట్టకముందే ఊళ్లో ఉంది."

మలుపులో తోర్దిస్ దారిచ్చిన బస్సు అదే.

మూడింటికి వెళ్లేసరికి గది కిటికీ కొద్దిగా తెరిచి ఉంది, బల్ల మీద కొవ్వొత్తి వెలుగుతోంది. ఆ రెండూ చూశాక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. పోయినవాళ్ల గదిలో కిటికీ తెరుస్తారు. నర్సు ఆమె తడి కోటు తీసుకుని కుర్చీ జరిపింది. "ఒంటి గంటా ఇరవైకి. నొప్పేమీ లేదు" అంది. యోరున్ ముఖం చిన్నదైపోయింది. జుట్టు మాత్రం ఎవరో శుభ్రంగా దువ్వారు.

"నాకు కబురు పెట్టి ఉంటే..." అంది తోర్దిస్. అనగానే తన మాటకి తనకే సిగ్గేసింది.

నర్సు కాస్త తటపటాయించింది. "నిన్న అడిగానండీ, ఎవరికైనా ఫోన్ చెయ్యమంటారా అని. మీ పేరే చెప్పింది. నంబరు నొక్కబోతుంటే మళ్లీ తనే వద్దంది. 'వద్దులే అమ్మాయ్, దానికి కుదరదు. కబురు పెడితే రాలేక ఇంకా కుమిలిపోతుంది, పాపం' అంది."

కోపంగా అని ఉంటే తోర్దిస్ ఏడ్చి తేలికపడేది. యోరున్ కోప్పడలేదు. క్షమించేసి, లెక్కలోంచి కొట్టేసి, పక్కన పెట్టేసింది. చివరి రోజున కూడా తోర్దిస్‌కి పని తగ్గించాలనే చూసిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే, ఆ మనిషి దగ్గరికే తోర్దిస్ రాలేకపోయింది. యోరున్ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి అప్పటికే కిటికీ గాలంత చల్లగా ఉంది. అత్తగారిని తిట్టుకోబోయింది, ఐలిఫ్‌ని తిట్టుకోబోయింది. పనులన్నీ తన నెత్తిన పడేసినందుకు వాళ్లని తిట్టుకోవచ్చు, అందులో అన్యాయం లేదు. కానీ వెళ్లొద్దని ఐలిఫ్ ఒక్కసారైనా అన్నాడా? ఎంత వెతికినా ఆ మాట దొరకలేదు. వెళ్తున్నానని తానైనా ఒక్కసారి గట్టిగా అన్నదా? అదీ దొరకలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఆమె అడక్కుండానే ఎదుటివాళ్ల జవాబు తానే చెప్పుకుని, దానికి తానే తలవంచి, తర్వాత వంటింట్లో గిన్నెల మీద చప్పుడు చేసుకుంటూ ముప్పై ఎనిమిదేళ్లు గడిపింది.

ఫోన్ మోగింది.

"ఏడింటికి మళ్లీ గేటెత్తుతారట, రేడియోలో చెప్పారు. ఆఖరి బస్సుకి వచ్చేయ్" అన్నాడు ఐలిఫ్.

"యోరున్ పోయింది."

"అయ్యో. అయితే మరి, ఇంక అక్కడ చేసేదేముంది?"

"నేను ఇక్కడే ఉంటున్నా. తనకి ఎవరూ లేరు. ఖననం అయ్యాక వస్తా, చర్చిలో రోజు దొరికేసరికి పది రోజులు పట్టొచ్చు."

"పది రోజులా? మరి లెఫ్సెలు?"

"కొట్లో దొరుకుతాయి."

"అమ్మ సంగతి?"

"ఆవిడకి కొడుకున్నాడుగా."

తోర్దిస్ కళ్లు మూసుకుని పడబోయే మాట కోసం ఎదురుచూసింది.

"సరే" అన్నాడు ఐలిఫ్. విసుక్కోను కూడా లేదు. "కోటు తడిసుంటే ఆరేసుకో" అని పెట్టేశాడు.

ఆమె చేతిలో ఫోన్ తెర ఇంకా వెలుగుతూనే ఉంది. మాట్లాడిన సమయం నలభై ఒక్క సెకన్లు అని చూపిస్తోంది. మూడు వారాల కిందటైనా అంతే పట్టేది.