ముత్యమ్మ పనికి కొత్త డిజైన్

చలపతిరావు పటాన్‌చెరులో ఒక పంపుల ఫ్యాక్టరీకి హెచ్ఆర్ మేనేజర్. ఈమధ్య ట్రైనింగ్‌కి వెళ్లి, ఉద్యోగాన్ని ఎలా డిజైన్ చెయ్యాలో నేర్చుకొచ్చాడు. రోజూ ఒకటే పని కాకుండా రకరకాలుండాలి, ఎలా చెయ్యాలో చేసేవాళ్లే తేల్చుకోవాలి, బాగుందో లేదో వాళ్లకి అప్పటికప్పుడు తెలియాలి. ఫ్యాక్టరీలో మొదలుపెడదామంటే యూనియన్ ఉంది. తెల్లాపూర్‌లోని తన ఫ్లాట్‌లో యూనియన్ లేదు, అంట్లు తోమే ముత్యమ్మ ఉంది.

ఈ సంగతి వినగానే భార్య లక్ష్మీనరసమ్మ కంగారుపడింది. శనివారం భీమవరం నుంచి ఆడపడుచువాళ్లు దిగుతున్నారు. ఇప్పుడు ముత్యమ్మ మానేస్తే టవర్ మొత్తంలో ఇంకో మనిషి దొరకదు.

"ఏవండీ, ఆవిడ తోముకుంటోంది కదా, తోమనివ్వండి."

"రోజూ గిన్నెలేనా? మనిషి విసిగిపోదూ?"

ముత్యమ్మని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమెకి అనుమానం వచ్చింది.

"ఏంది సారూ, పనిలకెల్లి తీసేస్తున్నరా?"

"లేదమ్మా. ఇకనుంచి వంటింటి బాధ్యతంతా నీదే. కూరలు తరగడం, డబ్బాలు సర్దడం, స్టవ్ తుడవడం, అన్నీ."

"మరి జీతం?"

"సంతృప్తి పెరుగుతుంది," అన్నాడు చలపతిరావు ఎంతో మర్యాదగా.

ముత్యమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. "ఏది ఎట్ల చెయ్యాల్నో నేనే చెప్తనా?"

"నువ్వే. మేం అడ్డురాం."

"అమ్మ గూడ?"

"అమ్మ కూడా."

లక్ష్మీనరసమ్మ కళ్లు మూసుకుంది.

మర్నాడే ముత్యమ్మ గిన్నెలన్నీ అటకెక్కించింది. "ఇద్దరే ఉన్నరు గదా, గిన్ని గిన్నెలేంది?" రోజుకొకటే కూర. మనిషికో ప్లేటు, ఎవరు తింటే వాళ్లే కడుక్కోవాలి. చలపతిరావు కడిగి పెట్టిన ప్లేటుని వెలుతురులో అటూఇటూ తిప్పి చూసింది.

"జిడ్డు పోలే సారూ. ఇంగోసారి కడుగుండ్రి."

శుక్రవారానికి ఆయన ఆఫీసు గొంతు తెచ్చుకున్నాడు. "ముత్యమ్మా, రేపట్నుంచి మళ్లీ పాత పద్ధతే."

"పాత పద్ధతంటే నాతోని కాదు సారూ. పక్క టవరోళ్లు రమ్మంటున్నరు. జెర సోంచాయించుండ్రి."

ఆయన నోరు తెరిచేలోపే లక్ష్మీనరసమ్మ అడ్డుపడింది. "ఆయన మాటలకేం గానీ, ఇదే బాగుంది. పొద్దున్నే జల్దీ వచ్చెయ్." జల్దీ అన్న మాట ఆవిడ నోట్లోంచి రావడం అదే మొదటిసారి.

శనివారం భోజనాలయ్యాయి. ఆడపడుచు భర్త, బ్యాంకులో మేనేజర్‌గా రిటైరైన బావగారు, చేతిలో ఎంగిలి ప్లేటుతో సింక్ దగ్గర నిలబడ్డాడు.

"ఏంటి బావా ఈ పద్ధతి?"

"గట్టిగా అనకండి," అన్నాడు చలపతిరావు, స్క్రబ్బర్ అందిస్తూ. "అంచులు కూడా రుద్దండి బావగారూ. ముత్యమ్మ చూస్తోంది."