మిగతా సగం

రాగి అంబలి చివరి గుక్క తాగి, గ్లాసు బోర్లించి, ఓజకోల్ మాస్టారు నల్లకోటు తొడుక్కున్నాడు. మోచేతుల దగ్గర అతుకులేసిన కోటు. మనిషి సన్నం. మాట్లాడితే మెడ నరాలు తాళ్ళలా పైకి తేలతాయి. కుడిచేతి వేళ్ళకి పట్టిన సుద్ద ఎంత తోమినా పోదు.

వయసు నిండింది, ఈ రోజుతో ఆయన ఉద్యోగం ఆఖరు. ఏడో తరగతి పెద్దపరీక్షలు చూస్తే వచ్చే నెలలో. అవి అయ్యేదాకా ఉండనిమ్మని హెడ్మిస్ట్రెస్ అమోంగిన్‌ని అడుగుతూనే ఉన్నాడు. ఆమె కూడా ఈ బడిలో ఆయన దగ్గర చదువుకున్నదే. వరండాలో మళ్ళీ పట్టుకున్నాడు.

"ఏం ఆలోచించావమ్మా? నడిమధ్యలో నేను పోతే ఈ పిల్లల చదువు..."

"గంగపాలు," అని నాలిక కరుచుకుంది ఆమె. "చూశారా మాస్టారూ! తల నెరుస్తున్నా, మీరు సగం అంటే మిగతా సగం నా నోట్లోంచి ఊడిపడుతుంది. నా బాధ అదే. గుంపుగా అయితే రేకులు లేచిపోయేలా అరుస్తారు. ఒక్కణ్ణి లేపితే మూగవాడే."

"నేర్పుతానమ్మా."

"ఇవాళ వెనక బల్లమీద కూచుంటా. ఒక్క బిడ్డ ఒంటిగా లేచి సొంతంగా ఒక్క మాట చెప్పనీండి. మిమ్మల్ని ఉంచమని జిల్లా ఆఫీసులో నేనే పోట్లాడతా. లేదంటే సోమవారం కొత్తాయన వస్తాడు."

తరగతిలో బెంచీకి ఐదారుగురు ఇరుక్కుని కూర్చున్నారు. మాస్టారు వెదురుబద్ద ఎత్తాడు. తప్పకుండా చెయ్యాల్సినదానికి మస్ట్, చేస్తే మంచిదన్నదానికి షుడ్, ఏమో కావచ్చు అనుకున్నదానికి మే. ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం.

"ఎద్దుకి నీళ్ళు పెట్టక తప్పదు. అప్పుడేమంటాం? వుయ్..."

"మస్ట్!" గది దద్దరిల్లింది.

ఆయనకిది అలవాటైంది పశువుల దొంగలు తుపాకులతో ఊళ్ళమీద పడే కాలంలో. అప్పుడు బడికి కప్పు లేదు, పుస్తకం ఒక్కటే. పెద్దబండ నీడలో పిల్లల్ని కూర్చోబెట్టి సగం వాక్యం ఆయన అనేవాడు, సగం వాళ్ళు అరిచేవాళ్ళు. అవతల తుపాకులు పేలుతుంటే ఆ అరుపులో వినపడేవి కావు. కాలం మారింది. కప్పు వచ్చింది. అరుపు ఉండిపోయింది.

కిటికీలోంచి చూశాడు. బండల మీద మబ్బు నల్లగా దిగుతోంది.

"ఆ మబ్బు చూస్తే ఏమనిపిస్తోందో ఇంగ్లీషులో చెప్పాలి. ఒక్కరే చెప్పాలి. తతిమ్మావాళ్ళు పెదవి కదపకూడదు. అర్థమైందా?"

"అర్థమైంది సార్!" అన్నారు అందరూ ఒక్కసారే.

కిటికీ పక్కన కూర్చున్న ఇకిరింగ్‌ని లేపాడు. పొడుగాటి పిల్ల. రాతలో తప్పు చెయ్యదు, నోరు మాత్రం లేవదు. గౌను అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. పెదవులు తడుపుకుంది.

"ఇట్..." అంది.

"మే రెయిన్!" తరగతంతా అందుకుంది.

"నోళ్ళు ముయ్యండిరా!"

"యెస్ సార్!"

సుద్దముక్క గోడకేసి కొట్టాడు. ఆ గదిలో ఆయన ఏదైనా విసరడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"ఒరే ఓకిరోర్! నీ గొంతే పైన వినపడింది. ఎందుకురా అడ్డం?"

"ఆ పిల్ల అవస్థ చూడలేకపోయాం సార్."

"చూడలేకపోతే కళ్ళు మూసుకో!"

తరగతి మొత్తం కళ్ళు గట్టిగా మూసుకుంది. వెనక బల్లమీద అమోంగిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చెప్పు తల్లీ. నీకేమనిపిస్తే అది చెప్పు. తప్పైనా ఫరవాలేదు."

ఇకిరింగ్ నోరు తెరిచింది. మాట రాలేదు. చుట్టూ మూసుకున్న కళ్ళని చూసింది. నిలబడలేక కూర్చుని బల్లమీద తల ఆనించింది. మాస్టారు ఆ తలకేసి చూస్తూ వెదురుబద్ద దించాడు. గంట కొట్టారు.

వరండాలోకి వచ్చాక అమోంగిన్ అంది: "మీమీద కోపం కాదు మాస్టారూ. పరీక్షగదిలో మీరుండరు. పక్కవాళ్ళూ నోరెత్తరు. వాళ్ళకి ఇంకో మనిషి కావాలి."

"ఈ నెల రోజుల్లో నేను..." అని ఆగాడు. ఈసారి ఆమె పూర్తిచెయ్యలేదు.

మధ్యాహ్నం దాటాక పరుపు, పెట్టె, కోళ్ళ బుట్ట మోటారుసైకిలు మీద కట్టారు. బండివాడు ఆకాశం చూసి, "కోళ్ళు ఇక్కడే స్నానం చేసేట్టున్నాయి తాతా, ఆగుదామా?" అన్నాడు.

"ఆగి ఏం చేస్తాం? పోనీ."

పిల్లలు గేటు దాకా వచ్చి కోరస్‌గా వీడ్కోలు అరిచారు. ఆయన వెనక్కి తిరగకుండా చెయ్యి ఊపాడు. బండి వెనక దుమ్ము లేచింది.

వాన మొదలయ్యేవేళకి ఇకిరింగ్ ఇంటినుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. దారికి తినడానికని వాళ్ళమ్మ నూరి పంపిన వేరుశెనగ, నువ్వుల ముద్ద సొరబుర్రలో ఉంది. బడి ఆవరణలోని మాస్టారి గదికి తాళం. చూరు కింద నిలబడి తలుపుతో, ఇంగ్లీషులో కాదు, ఊళ్ళో మాటల్లోనే అంది:

"ఈపాటికి చిత్తడినేల దాటుంటారు సార్. తడుస్తున్నారేమో. ఎక్కడైనా ఆగితే బావుండు."

చుట్టూ ఎవరూ లేరు. అందుకునే గొంతు లేదు. సొరబుర్ర కిందపెట్టి, తలమీద చేతులు కప్పుకుని వానలోకి పరుగెత్తింది.

గడపమీద సొరబుర్ర మిగిలింది. మూతగా కట్టిన అరిటాకు మీద చూరునీళ్ళు ఒక్కొక్క బొట్టే పడుతున్నాయి.