బుల్లి నొక్కిన మాట

ముప్పై దాటినా ఇంట్లో అందరికీ ఆమె బుల్లే. పుట్టుకతో వచ్చిన నరాల జబ్బు. మాట పెగలదు, మెడ నిలవదు, నోట్లో చొంగ ఆగదు. ఒళ్లంతటిలో కుడిచేతి చూపుడువేలు ఒక్కటే చెప్పినమాట వింటుంది. ఫోను అద్దం మీద చెయ్యి ఆనితే అడగని అక్షరాలన్నీ పడిపోతాయి కనుక, ఆ వేలికి కీబోర్డే దిక్కు. దాంతోనే ఇంట్లోవాళ్లతో పోట్లాడుతుంది, దాంతోనే ఓ కొరియర్ కంపెనీకి ఇంటినుంచే ఫిర్యాదులకు జవాబులు రాస్తుంది.

చిక్కల్లా చొంగతోనే. బటన్ల సందుల్లోకి దిగి ఎన్ని కీబోర్డులను మింగిందో! మొన్న ఇంకోటి పోయేసరికి అక్క మనసు కరిగిపోయి, కంపెనీ మేడమ్‌కి ఫోన్ చేసి, "పాపం, మా చెల్లి ఇక చెయ్యలేదండీ" అనేసింది. పక్కగదిలో అది విన్న బుల్లి బల్లను చేత్తో దబదబా బాదింది. పిల్లి ఏదో పడేసిందనుకుంది అక్క. ప్రేమ ముదిరితే చెవులు కూడా పనిచెయ్యవు కాబోలు.

కడుక్కునే రబ్బరు కీబోర్డులు వచ్చాయని బావ కబురు మోసుకొచ్చాడు. తాను వెళ్లి తెస్తానంటే బుల్లి అతని చొక్కా పట్టుకుంది. ఉడుంపట్టు. చొక్కాతోపాటు ఆమెనూ, చక్రాల కుర్చీనీ, అక్కనూ తీసుకెళ్లక తప్పలేదు.

షాపతను కీబోర్డును చాపలా చుట్టి చూపించాడు. బావ దానిమీద నీళ్లు గుమ్మరించాడు, టీ ఒలకబోశాడు. అక్క సబ్బు పెట్టి తోమి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"మరక లేదు, జిడ్డు లేదు. కట్టెయ్యండి" అంది.

బుల్లి చెయ్యి కీబోర్డు మీద పడింది. తియ్యదు.

"అమ్మాయిగారికి రంగు నచ్చలేదేమో సార్" అన్నాడు షాపతను, బావతో.

బావ నాలిక్కరుచుకున్నాడు. "రంగు కాదయ్యా. ఇందాకట్నుంచీ అంట్లు తోమినట్టు తోముతున్నాం గానీ, ఒక్క బటనన్నా నొక్కి చూశామా?"

షాపు కంప్యూటర్‌కి తగిలించి, చక్రాల కుర్చీకి ముందున్న పలక మీది మెత్తపై పరిచి, బుల్లి చేత నొక్కించారు. రబ్బరు లోపలికి కుంగింది, అక్షరం పడలేదు. మళ్లీ నొక్కింది. పడలేదు.

"చెప్తే విన్నావు కాదు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి. పద ఇంటికి" అంది అక్క. ఆ గొంతులో విసుగుకన్నా భయమే ఎక్కువ.

బుల్లి వినలేదు. కీబోర్డును ఈడ్చి ఈడ్చి గట్టి బల్ల మీదికి తోసింది. మణికట్టు మొత్తం ఆనించింది. ఒక్క అడ్డదిడ్డపు అక్షరం పడలేదు! రబ్బరు మొండిది, సూటిగా గుచ్చితేనే పలుకుతుంది. బుల్లి అంతకన్నా మొండిది. గుచ్చింది. అక్షరం పడింది. ఆమెకు ఎగిరి గంతెయ్యాలన్నంత సంతోషం కలిగింది.

గడ్డంతో అక్క ఫోను చూపించింది. షాపతను కీబోర్డును దానికి తగిలించి, బుల్లి చూపించినట్టే మెసేజుల్లో మేడమ్ పేరు తెరిచాడు. చొంగ బటన్ల మీద కారుతున్నా ఎవరూ తుడవలేదు. ఒక్కో అక్షరమే తెర మీదికి వచ్చింది.

"నేను మానేస్తున్నానని చెప్పింది మా అక్క. నన్నెవరూ అడగలేదు. నా పని నాకు కావాలి. సోమవారం నుంచి మళ్లీ చేస్తాను."

"నీ మంచికేనే..." అంటూ అక్క ఫోను అందుకోబోయింది. ఆలోపే బుల్లి వేలు ఎంటర్‌ను గుచ్చేసింది.

అక్క మొహం చిన్నబోయింది. బావ గోడకు వేలాడేసిన వైర్ల ధరలను శ్రద్ధగా చదవసాగాడు. ఇంతలో జవాబు వచ్చింది.

"ఇది రాస్తున్నది ఎవరు?"

అక్క వేలు అలవాటుకొద్దీ తెర మీదికి వెళ్లింది. వెళ్లి, అక్కడే ఆగింది. కళ్లు తుడుచుకుని, ఫోనును చెల్లెలి వైపు తిప్పి పెట్టింది.

"నిన్నేనే అడుగుతోంది. చెప్పు."