వేళ్ళకి తెలిసిన అక్షరాలు

మార్కమ్ తెలుగు చర్చిలో పాటల స్క్రీన్ అంటే రూపవతే. బాపట్లలో పద్దెనిమిదేళ్ళు డీటీపీ చేసిన చెయ్యి అది. ఎదుటివాళ్ళు శుభలేఖ చెబుతుండగానే కొట్టేసి, "ఇంకేంటండీ?" అని అడిగిన మనిషి. కెనడా వచ్చాక మాత్రం అన్నీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ఇంగ్లీషు, డ్రైవింగు, వృద్ధాశ్రమంలో ఉద్యోగం, ఆఖరికి మంచులో జారకుండా నడవడం కూడా. ఆదివారం ఆ కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుంటేనే ఆవిడకి తను తనలా అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ కుర్చీకే ఎసరొచ్చింది. పాత సాఫ్ట్‌వేర్ అక్షరాలు ఇంటి దగ్గర ఫోన్లో పాటలు చదువుకునేవాళ్ళకి పిచ్చి గుర్తుల్లా కనిపిస్తున్నాయట. నాలుగేళ్ళుగా కమిటీ మార్చమంటూనే ఉంది, ఈవిడ దాటేస్తూనే ఉంది. ఒకసారి కొత్త అక్షరాలు అందంగా లేవంది, ఇంకోసారి వత్తులు కుదురుగా కూర్చోవంది, మరోసారి ఏకంగా నడుం నొప్పంది. నడుం నొప్పికీ సాఫ్ట్‌వేర్‌కీ ఏం సంబంధమో ఆ దేవుడికే తెలియాలి! చివరికి కమిటీ తేల్చి చెప్పేసింది. ఈ ఆదివారం కొత్తదాంతో చేస్తే సరే, లేకపోతే ఆ కుర్చీ చర్చిలోనే కాలేజీ చదివే పిల్ల జెస్లిన్‌కి.

ఆదివారం రానే వచ్చింది. ఆరాధనకి పది నిమిషాలుందనగా పాస్టర్ సువార్తరాజు గారు ఆదరాబాదరా వచ్చి ఆవిడ చేతిలో ఓ కాగితం పెట్టారు.

"రూపవతమ్మా, పొద్దున్నే రాశాను, పల్లవీ నాలుగు చరణాలూ, అందరికీ తెలిసిన రాగమే. మొదట ఇదే పాడదాం!"

రూపవతి గబగబా కొత్త సాఫ్ట్‌వేర్ తెరిచింది. కొత్తదాంట్లో తెలుగు మాటని ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టాలి. వేళ్ళేమో పాత కీబోర్డు దారినే పోతాయి. "కృప" అని కొట్టబోతే తెర మీద ఏ భాషో తెలియని మాట పడింది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

కొత్తది ఎక్కించిన జేసన్ పరుగున వచ్చాడు. వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు.

"లెట్ మీ టైప్, ఆంటీ." కాగితం అందుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, తెల్లమొహం వేశాడు. "ఐ కాంట్ రీడ్ తెలుగు!"

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ!"

ఇంకా ఆరు నిమిషాలు. రూపవతి బ్యాగులోంచి తన సొంత ల్యాప్‌టాప్ లాగింది. అందులో పాతది భద్రంగా ఉంది. ఇక చూడాలి ఆ వేళ్ళని! టకటకటకమని రెండున్నర నిమిషాల్లో పాటంతా అయిపోయింది. జేసన్ నోరు తెరిచేశాడు. గబగబా దాన్ని చర్చి కంప్యూటర్లో పేస్ట్ చేశాడు. తెలుగంతా మాయం! తెరనిండా కామాలూ, డాలరు గుర్తులూ.

రూపవతికి ఏడుపు తన్నుకొచ్చింది. "అయిపోయింది బాబూ. జెస్లిన్‌ని పిలువు."

జేసన్ కదల్లేదు. "వెయిట్ ఆంటీ. మీ ఓల్డ్ కీబోర్డ్ పేరేంటి?"

చెప్పింది. అతను సెట్టింగ్స్‌లో ఏదో పొడుగాటి జాబితా తెరిచి, కిందికి, ఇంకా కిందికి వెళ్ళి, ఒకచోట క్లిక్ చేశాడు. "నౌ ట్రై. మీ ఓల్డ్ కీసే."

భయంభయంగా నొక్కింది. "కృ" పడింది. "ప" పడింది. అమ్మ బాబోయ్! కొత్తదాంట్లో, తన కీలతోనే!

పల్లవి కొట్టేసరికే గిటారు మొదలైపోయింది. జనం పల్లవి పాడుతుంటే ఆవిడ మొదటి చరణం కొట్టింది, మొదటిది పాడుతుంటే రెండోది. పాస్టర్ గారు హుషారెక్కి కాగితంలో లేని లైనొకటి అందుకున్నారు. ఆయన దాన్ని రెండోసారి పాడేలోపు అది కూడా తెర మీద ఉంది. హాలంతా ఒకటే చప్పట్లు!

పాట అయ్యాక జేసన్ ఆవిడ వైపు వంగాడు.

"ఓన్లీ కీబోర్డేనా ప్రాబ్లమ్? ఫోర్ ఇయర్స్ ఎందుకు చెప్పలేదు ఆంటీ?"

రూపవతికి ఇంకా ఆయాసం తగ్గలేదు.

"నాకు మాత్రం తెలిస్తేగా బాబూ! ఈ దేశంలో ఇంకోసారి ఏమీ రానిదాన్నయిపోతానని భయపడ్డా, అంతే."